మనదేనా?

మొన్న చలికాలంలో ఒక ఆదివారంనాటి మాట. సూర్యుడింకా సముద్రంలోంచి పూర్తిగా పైకి రాలేదు. మా మేనల్లుడు విజయవాడనుంచి ఒక కాబోయే జంటను వెంటబెట్టుకుని విశాఖ వచ్చాడు. పెళ్ళిళ్ళకు ఫొటోలూ వీడియోలూ తియ్యడం వాడి వృత్తి. పెళ్ళికి ముందే వధూవరులను ఇసుకలో నడిపించి, అలల్లో పరుగెత్తించి చిత్రం తియ్యడం ఇప్పటి ఆచారం కదా! "మామయ్యా, నువ్వూ రా, సూర్యోదయం చూద్దువుగాని" అన్నాడు. పొద్దున్నే నడిచే అలవాటున్నవాణ్ణి గనక నేనూ బయల్దేరాను.

బీచిరోడ్డులో కోస్టల్ బ్యాటరీకి కాస్త ఇవతల ఆగాం. వాడు సంచీలోంచి డ్రోను తీశాడు. పావుకిలో కూడా తూగని వస్తువది. రెక్కలు మడిస్తే అరచేతిలో ఇముడుతుంది. విప్పి ఇసుకమీద పెట్టి మీట నొక్కగానే తుమ్మెదలా ఝుమ్మంటూ లేచి, చూస్తూండగానే చుక్కంతయిపోయింది. ఆ అమ్మాయి సంబరంగా చేతులూపింది. నేనూ ఊపాను (నన్నెవరూ చిత్రం తియ్యడం లేదన్న సంగతి మరిచిపోయి).

ఐదు నిమిషాలైనా గడిచాయో లేదో, యూనిఫారంలో ఇద్దరు మా దగ్గరకు నడిచివచ్చారు. కేకలు లేవు, దబాయింపు లేదు. "ముందు దాన్ని దించండి" అన్నారంతే. దించాడు. డ్రోనూ, ఫోనూ, మేమూ అందరం కలిసి ఠాణాకు వెళ్ళాం. ఏ ఠాణా అన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఆ తర్వాత నాలుగు గంటలు బల్లమీద కూర్చున్నాం. పెళ్ళికూతురి తండ్రి విజయవాడనుంచి పావుగంటకోసారి ఫోను. మావాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కేసంటూ పెడితే వాడి వృత్తి ఏమవుతుందో, ఆ పిల్ల పెళ్ళి ముంగిట ఈ అపశకునం ఏమిటో అని నాకు లోపల కుతకుత. చివరికి ఉండబట్టలేక, ఎదురుగా కూర్చున్న పెద్దవయసు అధికారితో అన్నాను: "పావుకిలో బొమ్మండీ అది. పిల్లవాడు పెళ్ళి వీడియో తీసుకుంటున్నాడు. దీనికింత రాద్ధాంతమా?"

ఆయన కోప్పడలేదు. "ఆ మాట మీరు చెబితే కదా మాకు తెలిసింది, మాస్టారూ. పైనున్నది చెప్పదు కదా!" అన్నాడు.

అక్కడితో నా నోరు మూతపడింది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే, వేరే రూపంలో, నా చిన్నతనమంతా విన్నాను.

*

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుమీద బాంబులు వేశాయి. అదేరోజు కాకినాడమీద కూడా. మా అమ్మమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. ఆకాశంలో విమానాలు కనిపిస్తే పిల్లలంతా వీధిలోకి పరుగెత్తి, మనవాళ్ళ విమానాలేననుకుని కేరింతలు కొట్టారట. మొదటి చప్పుడు వినబడ్డాకగానీ అవి ఎవరివో తెలియలేదట. మర్నాడు పొద్దుటికి మూటాముల్లే సర్దుకుని, ఎడ్లబండి కట్టించుకుని శృంగవరపుకోటలో మేనత్తగారింటికి పారిపోయారు. పట్టణం పట్టణమే ఖాళీ అయిందని చెప్పేది.

ఆ తర్వాత అరవై యేళ్ళకు పైగా బతికింది అమ్మమ్మ. ఏ విమానం మోత వినబడినా, చేస్తున్న పని ఆపి, తల పైకెత్తి, "మనదేనా?" అని అడిగేది. మేం నవ్వేవాళ్ళం. "మనదే అమ్మమ్మా, హైదరాబాదు వెళ్ళే విమానం" అంటే గానీ మళ్ళీ కత్తిపీట ముందు కూర్చునేది కాదు. మాకది వినోదం. ఆమెకది పదకొండో యేట నేర్చిన పాఠం.

ఆవేళ ఠాణా బల్లమీద కూర్చుని ఆలోచిస్తే తట్టింది. కీలకమైన చోట్లకు కావలి కాసేవాళ్ళ సమస్తశాస్త్రం, కోట్ల రూపాయల యంత్రాలూ, చట్టాలూ అన్నీ చివరకు అమ్మమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమేనని. మనదేనా?

ఇంటికొచ్చాక ఈ విషయంమీద దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ ఆ పెద్దాయనమీద గౌరవం పెరిగింది.

*

మనదేశంలో ఈ ప్రశ్న గట్టిగా వినబడింది 2021 జూన్ 27 తెల్లవారుజామున. జమ్మూలోని వాయుసేన స్థావరంమీద, రెండు గంటలైనా కాకముందే, ఐదారు నిమిషాల తేడాతో రెండు పేలుళ్ళు జరిగాయి. ఒకటి ఒక భవనం పైకప్పును చీల్చింది, రెండోది ఆరుబయట పేలింది. ఇద్దరు సిబ్బందికి స్వల్పగాయాలు. నష్టం చిన్నదే. కానీ పేలుడు పదార్థాన్ని మోసుకొచ్చి జారవిడిచినవి డ్రోన్లు. గోడలూ, ముళ్ళకంచెలూ, తుపాకులూ అన్నీ నేలమీదివాడికోసం కట్టుకున్నవి. వచ్చినవాడు వాటి నెత్తిమీదుగా వచ్చి వెళ్ళాడు.

ఆ తర్వాత రెండు నెలలకే, ఆగస్టు 25న, డ్రోన్ నియమావళి వెలువడింది. సెప్టెంబరులో దేశం మొత్తానికీ ఒక పటం వేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఆకుపచ్చలో 400 అడుగుల ఎత్తు వరకూ అనుమతి అక్కర్లేదు. ఎరుపులో మాత్రం ఎంత చిన్నదానికైనా కేంద్రప్రభుత్వ అనుమతి కావలసిందే. మావాడు పొరబడింది ఇక్కడే. పావుకిలో లోపుదానికి పైలట్ సర్టిఫికెట్టు అక్కర్లేదన్న వాక్యం చదివాడు. మనలో చాలామంది చేసినట్టే, తనకు అనుకూలమైన వాక్యం దొరకగానే చదవడం ఆపేశాడు.

ఇక నావికాదళం 2021 జులైలోనే తన స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరరాదని ప్రకటించింది. మూడు కిలోమీటర్లంటే మొదట నాకు అతిగా తోచింది. కాగితంమీద లెక్క వేసి చూశాను. అంగట్లో దొరికే మామూలు డ్రోను సెకనుకు సుమారు 15 మీటర్లు పోగలదు. అంటే మూడు కిలోమీటర్లు దాటడానికి దానికి పట్టేది 200 సెకన్లు. మూడున్నర నిమిషాలైనా లేదు! ఒక కిలోమీటరు దూరంలోకి వచ్చాకగానీ కనబడలేదనుకోండి, మిగిలేది ఒక్క నిమిషం చిల్లర.

ఆ నిమిషంలో కావలివాడు చెయ్యవలసినవి చూడండి. అక్కడేదో ఉందని కనిపెట్టాలి. అది కాకా, గద్దా, గాలిపటమా, డ్రోనా తేల్చుకోవాలి. డ్రోనైతే ఎవరిదో తేల్చుకోవాలి. తుంటరి కుర్రాడిదా, దారితప్పినదా, పెళ్ళివారిదా, శత్రువుదా? పైవాళ్ళకు చెప్పాలి. వాళ్ళు అవునంటే దేనితో ఆపాలో నిర్ణయించుకోవాలి. ఆపితే అది ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఆలోచించుకోవాలి. ఆదివారం ఉదయం ఆ బీచిలో ఎంతమంది ఉంటారో విశాఖవాసులకు నేను చెప్పనక్కర్లేదు.

*

కనిపెట్టడమే మొదటి చిక్కు. పాతకాలపు రాడార్లు పెద్ద విమానాలకోసం చేసినవి. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో కదిలే చిన్నచిన్న వస్తువులను అవి పక్షులుగా లెక్కగట్టి తెరమీంచి తుడిచేస్తాయి. అలా తుడవకపోతే ప్రతి కొంగా ఒక గండమై కూర్చుంటుంది. తుడిస్తే కొంగలతోపాటు డ్రోనూ పోతుంది. అందుకని కొత్త రాడార్లు గిరగిరా తిరిగే పంకాలనుంచి వచ్చే ప్రతిధ్వనికీ, పక్షి రెక్క ఆడించినప్పటి ప్రతిధ్వనికీ తేడా పట్టడానికి ప్రయత్నిస్తాయి. వాటికి తోడు కెమెరాలూ, చప్పుడు వినే యంత్రాలూ.

ఇంకో ఉపాయం చెవి ఒగ్గి వినడం. డ్రోనుకూ దాన్ని ఆడించేవాడి చేతిలోని పెట్టెకూ మధ్య రేడియో సంభాషణ నడుస్తూంటుంది. దాన్ని పసిగడితే డ్రోనే కాదు, ఆడించేవాడెక్కడ నిలుచున్నాడో కూడా దొరుకుతుంది. ఆవేళ వాళ్ళు అంత సూటిగా మావాడి దగ్గరికే ఎలా వచ్చారో నాకు తెలియదు. కళ్ళతో చూశారో, యంత్రంతో విన్నారో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సంభాషణను పెద్ద రొదతో ముంచెత్తడమే జామింగు. మాట వినబడని డ్రోను చాలావరకూ అక్కడే నిలబడుతుంది, లేదా దిగుతుంది, లేదా వచ్చినదారినే తిరిగిపోతుంది. బొమ్మలకూ, తుంటరులకూ ఈ మందు చాలు.

కానీ నిజంగా చెరుపు తలపెట్టినవాడు ఈ మందుకు లొంగడు. దారి ముందే నేర్పి వదిలితే డ్రోనుకు ఎవరి మాటా వినవలసిన పని లేదు. ఉపగ్రహ సంకేతాలనూ చెడగొట్టవచ్చు గానీ, వాటిని నమ్ముకుని రేవులోకి వచ్చే ఓడలూ, దిగే విమానాలూ కూడా ఉంటాయి. ఉక్రెయిన్ యుద్ధంలో 2024నుంచి మరో వింత మొదలైంది. సంక్రాంతి గాలిపటానికి దారం కట్టినట్టు, డ్రోనుకు వెంట్రుకవంటి గాజుతీగె కట్టి వదులుతున్నారు. కిలోమీటర్లకొద్దీ తీగె విప్పుకుంటూ పోతుంది. రేడియో మాటే లేదు, ఇక రొదతో ముంచేదేమిటి?

దానికి విరుగుడు ఏం దొరికిందో తెలుసా? చేపలవల! ఉక్రెయిన్‌లో రోడ్లకు రోడ్లే వలల పందిళ్ళ కింద నడుస్తున్నాయి. డెన్మార్కు, స్వీడను, ఫ్రాన్సు దేశాల జాలర్ల పాతవలలు లారీలకెక్కి అక్కడికి వెళ్ళాయి. ఇది చదివిననాడు సాయంత్రం జాలరిపేట మీదుగా నడిచివస్తూ, ఇసుకలో ఆరేసిన వలలను కాసేపు నిలబడి చూశాను. తెగిన కళ్ళను కుడుతున్న ముసలాయన "ఏటి బాబూ, అలా సూస్తన్నావు?" అన్నాడు. ఏమని చెప్పను!

పక్షులను కూడా వదల్లేదు మనిషి. 2016లో నెదర్లాండ్సు పోలీసులు డ్రోన్లను తన్నుకుపోవడానికి గద్దలకు శిక్షణ ఇప్పించారు. ఖర్చెక్కువై, గద్దలు నేర్పినట్టు ప్రతిసారీ చెయ్యకపోవడంతో మర్నాటి యేడాదే మానుకున్నారు. ఆ తర్వాత మన తెలంగాణ పోలీసులు మొయినాబాదు శిక్షణకేంద్రంలో గద్దలను తయారుచేసి, ఆ దళానికి గరుడ అని పేరు పెట్టారు. పావుకిలో బొమ్మకైతే గద్ద గోళ్ళు చాలవచ్చు. బాంబు మోసేదాని ముందుకు ప్రాణమున్న పక్షిని పంపడమంటే మాత్రం నా మనసు ఒప్పుకోలేదు.

*

ఖర్చు మాట వేరే చెప్పాలి. దూరాన్నుంచి వచ్చి పేలే డ్రోను ఒక్కోటీ వేల డాలర్లలో తయారవుతుంది. దాన్ని కూల్చడానికి వదిలే ఒక్క పేట్రియాట్ క్షిపణి ముప్పై లక్షల డాలర్ల పైమాట. దోమను చంపడానికి బంగారు కడ్డీ విసిరినట్టు. విసిరినవాడే ముందు దివాలా తీస్తాడు. అందుకే 2025 మే 8వ తేదీ రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ వరకూ 36 చోట్ల మూడు నాలుగు వందల డ్రోన్లు మనమీదికి వచ్చాయని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, వాటిని ఎదుర్కొన్నవాటిలో ఎల్-70 తుపాకులుండడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. పాతకాలపు స్వీడను నమూనా అది. కొత్త కళ్ళు తగిలించారంతే. ఆ గుంపుగా రావడంలో మన కావలి ఎక్కడ ఎలా ఉందో తడిమిచూసే ఉద్దేశమూ ఉందని అప్పుడే చెప్పారు. డ్రోను పేలకపోయినా పని చేసినట్టే.

డ్రోను అసలు రాకపోయినా పని జరుగుతుంది! 2018 డిసెంబరులో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో, క్రిస్మస్ రద్దీలో, డ్రోను కనిపించిందని ఎవరో అన్నారు. సుమారు వెయ్యి విమానాలు నిలిచిపోయాయి, లక్షా నలభై వేలమంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. అనుమానంతో పట్టుకున్న దంపతులను ఏ నేరమూ మోపకుండానే వదిలేశారు. ఆ డ్రోను మాత్రం ఈనాటికీ దొరకలేదు. అమ్మమ్మ ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

శత్రువు సరిహద్దు దాటి రావాలన్న నియమం కూడా పోయింది. 2025 జూన్ 1న ఉక్రెయిన్ తన లెక్కప్రకారం 117 డ్రోన్లను చెక్కగదులలో దాచి, లారీలకెక్కించి, రష్యా నడిబొడ్డుకు చేర్చింది. కప్పులు దూరంనుంచే తెరుచుకున్నాయి. ఉక్రెయిన్‌కు 4,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న స్థావరంలోని విమానాలు సైతం తగలబడ్డాయి. కావలివాడి 200 సెకన్ల లెక్క అక్కడ వర్తించదు. గోడ పక్కన ఆగిన లారీనుంచి లేచినదానికి అన్ని సెకన్లు కూడా ఉండవు.

మనవాళ్ళూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. డీఆర్‌డీవో తయారుచేసిన డ్రోన్ నిరోధక వ్యవస్థలో హైదరాబాదు ప్రయోగశాలల పాలు పెద్దది. రాడారు బెంగుళూరువారిది, జామింగూ లేజరూ హైదరాబాదువారివి. 2021 ఆగస్టులో నావికాదళం దానికోసం ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి ప్రయోగక్షేత్రంలో 30 కిలోవాట్ల లేజరుతో రెక్కల డ్రోనునూ, గుంపుగా వచ్చిన చిన్నడ్రోన్లనూ కూల్చిచూపారు. కాంతికి క్షిపణంత ఖర్చు లేదు. అయితే మంచూ, దుమ్మూ, వానా దాని బలాన్ని తగ్గిస్తాయి. ఇంకో సంగతి ఏమిటంటే, డ్రోన్లను కాల్చే ఆ క్షేత్రం ఉన్న జిల్లాలోనే, ఓర్వకల్లులో, డ్రోన్లు తయారుచేసే నగరం కడతామని మన రాష్ట్రప్రభుత్వం ప్రకటించింది. నవ్వు వచ్చింది గానీ, ఆలోచిస్తే రెండూ కావలసినవే.

ఎందుకంటే రెండో సంగతి నాకు ఇంట్లోనే తెలుసు.

*

2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, మా అక్క, అంటే వీడి తల్లి, రెండురోజులు మేడమీద ఉండిపోయింది. కింద గదిలో గొంతువరకూ నీళ్ళు. ఫోను చచ్చిపోయింది. పడవలు సందుల్లోకి రాలేకపోయాయి. రెండోరోజు మధ్యాహ్నం ఝుమ్మని చప్పుడు వినబడి తల పైకెత్తితే, ఒక పెద్ద డ్రోను పక్కమేడమీద ఆహారపు పొట్లాలూ నీళ్ళసీసాలూ దించుతోందట. తరువాతి వంతు వీళ్ళది. "ఎవరు పంపారో, ఎక్కణ్ణుంచొచ్చిందో అడగలేదురా తమ్ముడూ! రెండుచేతులూ చాపానంతే" అంది అక్క. ఆ పొట్లాం తిన్నవాడే మా మేనల్లుడు. నీళ్ళు తీశాక, కొట్టుకుపోయిన కెమెరాల స్థానంలో అప్పుచేసి కొన్న సామానులో మొదటిది డ్రోను.

ఒకే చప్పుడు. ఒక మేడమీద అది అన్నం, ఒక స్థావరంమీద అది మరణం. వస్తువులో తేడా లేదు. తేడా తెలిసినవాడు దాన్ని పంపినవాడొక్కడే. కిందివాడికి తెలియాలంటే పంపినవాడే ముందుగా చెప్పాలి.

ఈ నియమాలూ, నమోదులూ, ఎర్రరంగు మండలాలూ అన్నీ ప్రజలను వేధించడానికని నేనూ అనుకున్నవాణ్ణే. నియమం శత్రువును ఆపదు. చట్టం చదివి బాంబు మానుకునేవాడెవడూ ఉండడు. అది చేసే పని వేరు. మనలాంటివాళ్ళం ఆ ఎర్రగీత ఇవతల ఆగిపోతే, గీత అవతల కనబడిన ప్రతిదాన్నీ కావలివాడు సందేహం లేకుండా అనుమానించవచ్చు. మనం సరదాకి గీత దాటిన ప్రతిసారీ, అతనికున్న ఆ 200 సెకన్లలో కొన్ని మనం తినేస్తాం. రోజుకు పది పెళ్ళివీడియోల డ్రోన్లు చూసి విసిగినవాడు పదకొండోదాన్ని కూడా పెళ్ళిదే అనుకుంటే ఆ తప్పు ఎవరిది? పెళ్ళివారిదాన్నే శత్రువుదనుకుని జనం మధ్య కూల్చితే ఆ తప్పు ఎవరిది?

అయితే నాదీ ఒక ఫిర్యాదు ఉంది. ఆ బీచిలో పల్లీలమ్మే కుర్రాడికీ, వేరే ఊళ్ళనుంచి వచ్చే పెళ్ళిబృందాలకూ అర్థమయ్యేలా, తెలుగులో పెద్ద అక్షరాలతో, "ఇక్కడ డ్రోను ఎగరేయరాదు" అన్న బోర్డు మేం నిలుచున్నచోట నాకు కనబడలేదు. రంగుల పటం జాలంలో ఉంది, నిజమే. సముద్రానికి వెళ్ళేవాడు పటం చూసుకుని వెళ్ళడు. కావలివాడు మనల్ని గుర్తుపట్టాలని కోరుకునేవాళ్ళు, మనం గీతను గుర్తుపట్టే ఏర్పాటు కూడా చెయ్యాలి కదా!

*

ఆవేళ మధ్యాహ్నానికి, మెమరీకార్డులో ఉన్నది చూసి, తుడిచేసి, ఇకముందు అనుమతి లేకుండా ఎగరవెయ్యనని కాగితం రాయించుకుని మమ్మల్ని పంపేశారు. డ్రోను మాత్రం వారం తర్వాత చేతికొచ్చింది. వచ్చేముందు నేను ఆ పెద్దాయనకు నమస్కారం పెట్టాను. "కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి" అన్నాను. "పరవాలేదండీ. నలుగురు నాలుగు రకాలుగా అంటారు" అని, వెంటనే మావాడితో, "పెళ్ళి బాగా తియ్యి బాబూ" అన్నాడు.

మావాడు భీమిలి వెళదామని పటం తీశాడు. అక్కడా నావికాదళం స్థావరం ఉంది, ఎరుపే. చివరికి చోడవరం దాటాక, పటంలో పచ్చరంగూ నేలమీద పచ్చరంగూ కలిసినచోట, చెరుకుతోటల మధ్య తీశాడు. సముద్రం లేదని మొదట ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. వీడియో చూశాక సర్దుకుందట.

మొన్న వచ్చినప్పుడు చూశాను. డ్రోను వీపుమీద రిజిస్ట్రేషను నెంబరు తెల్లచీటీమీద రాసి అతికించాడు. "నువ్వు ఎంత పెద్దగా రాసినా కిందనుంచి కనబడదు కదరా" అన్నాను.

"కనబడదు మామయ్యా. అడిగితే చెప్పడానికి" అన్నాడు.

మేడమీదినుంచి ఎగరేశాడా అని అడగబోయి ఆగాను. అంతలో ఏదో మోత వినబడింది. ఇద్దరం ఒకేసారి తల పైకెత్తాం. మబ్బుల చాటున ఉంది, కనబడలేదు.

"మనదేనా?" అన్నాను, అప్రయత్నంగా.